తట్టుకునేది

అంబర్‌పేట కొలనులో
పొద్దున పది నుంచి పదకొండు దాకా ఆడవాళ్ల బ్యాచ్.
నలభై ఏడేళ్లకు మొదటిసారి
కాళ్ల కింద నుంచి నేల తప్పుకుంటే
ఏం పట్టుకోవాలో తోచక
నా మణికట్టునే నేను పట్టుకున్నాను.

అక్కడ గడియారం ఉంది.
తొమ్మిది వాయిదాల్లో ఆరు కట్టాను.
వీపు మీద చీమకాలంత అక్షరాల్లో
యాభై మీటర్లు అని చెక్కి ఉంది.
కొలను లోతు, పెద్దవైపున కూడా, ఎనిమిది అడుగులే.
కరెంటు బిల్లుల ఆఫీసులో ఇరవై రెండేళ్లు,
కూడికలో ఎప్పుడూ తప్పలేదు నేను.
ఎనిమిది అడుగుల భయానికి
యాభై మీటర్ల పూచీ
చాలుననుకున్నాను.

దిగేముందు తెర మీద నీటిబొట్టు బొమ్మ నొక్కాలి.
ఇక అది కళ్లు మూసుకుంటుంది,
ఎన్ని వేళ్లు తాకినా పలకదు.
లోపల మాత్రం లెక్క రాస్తూనే ఉంటుంది:
గుండె, నూట నలభై ఎనిమిది.
ఈదిన దూరం, సున్నా.
కడ్డీ పట్టుకుని కాళ్లు కొట్టడం
దాని దృష్టిలో ఈత కాదు.

"నీళ్లతోని కొట్లాడకక్కా" అంటుంది మణెమ్మ కోచ్,
"నువ్వెంత గట్టిగ కొడితే అవంత గట్టిగయితయ్.
చెయ్యి వాల్చి సందు అడుగు, ఇస్తయ్."
అడిగాను.
ముక్కులోకి ఇచ్చాయి.

మూడోవారం
అద్దం కింద చిన్న మబ్బు పట్టింది.
ఏప్రిల్ నెల, హైదరాబాద్ మీద ఒక్కటీ లేదు,
నా చేతి మీద ఉంది.

జగదీశ్ మార్కెట్లో మెట్ల కింద
బల్లంత దుకాణం జహంగీర్ భాయ్‌ది.
కంటికి భూతద్దం బిగించుకుని అడిగాడు:
ఏ నీళ్లు?
కొలను.
ఆ తర్వాత?
స్నానం.
ఎట్లాంటి స్నానం?
డాక్టరు ముందు కూర్చున్నట్టు
ఒక్కొక్కటే ఒప్పుకున్నాను:
గీజరు, పొగలు కక్కే బకెట్, షాంపూ నురగ,
తడి ఆరకుండానే ఏసీ బస్సు.

"యాభై మీటర్లంటే లోతు కాదు మేడమ్.
కార్ఖానాలో, కదలని నీళ్లలో,
కొత్త గడియారం మీద కాసేపు మోపిన బరువు.
మీరు చెయ్యి విసిరితే నీళ్లు ఊరుకుంటాయా?
అయినా ఈతకు ఇది చాలు.
కొలను పాపం ఏం చెయ్యలేదు.
మీ బాత్రూం చేసింది."

పట్టకారుతో పైకి తీశాడు
నల్ల రబ్బరు చుట్టు, వెంట్రుకకు అక్కలాంటిది.
ఇంత ఫోన్ లాంటి వస్తువుకూ
అన్ని నీళ్లకూ మధ్య
కాపలా ఇదొక్కటేనట.
వేడికి ఉబ్బి, చలికి ముడుచుకుని,
సబ్బుకు తేమ పోయి,
ఒకనాటికి బిరుసెక్కుతుందట.
"బిరుసెక్కిన రోజు నుంచి కారుతుంది."

నేనింకోలా అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ.
గట్టిపడితే ఏదీ లోపలికి రాదని.

"తడవనిదంటూ ఉండదు" అన్నాడు మూత బిగిస్తూ,
"కొన్నాళ్లు తట్టుకునేదే.
మూడు వందల యాభై ఇవ్వండి. గ్యారంటీ అడగకండి."
పాత చుట్టు అడిగి తీసుకున్నాను.
చిల్లర సంచీలో
అయిదు రూపాయల బిళ్లల మధ్య తిరుగుతోంది.

ఇప్పుడు కొలను నుంచి రాగానే
కుళాయి కింద చన్నీళ్లతో కడుగుతాను దాన్ని,
వేడినీళ్ల గదికి వెళ్లేముందు
విప్పి కిటికీలో పెడతాను.
నిన్న కడ్డీ వదిలాను.
సగం దూరం పోయి మళ్లీ పట్టుకున్నాను.
గడియారం ఇరవై ఐదు మీటర్లు రాసుకుంది.
నేను దిద్దలేదు.

పైకొచ్చి తాళం తీస్తే
గుయ్‌మని సన్నగా మూలిగి
పక్క చిల్లుల్లోంచి రెండు బొట్లు చిమ్మింది.
నాకూ అప్పుడే దగ్గు తెర.
గట్టు మీద కూర్చుని మేమిద్దరం
మింగిన నీళ్లు ఉమ్మేస్తుంటే
మణెమ్మ నవ్వుతూ టవల్ విసిరింది.